అమ్మకి అప్పర్ బెర్తు

విశాఖలో పిన్ని కూతురి గృహప్రవేశం. రెండు నెలల ముందు, రిజర్వేషన్ తెరిచిన రోజే, నాకూ అమ్మకీ కలిపి ఒకే టికెట్టు తీశాను. స్లీపర్ క్లాసు. కన్ఫర్మ్ అని చూసి ఫోను జేబులో పెట్టేశాను. బయల్దేరే రోజు మధ్యాహ్నం తీరిగ్గా నంబర్లు చూస్తే అమ్మకి 19, నాకు 24.

స్లీపర్‌లో తిరిగేవాళ్లకి నంబరు చెబితే చాలు. దాన్ని ఎనిమిదితో భాగించాలి. ఒకటో నాలుగో మిగిలితే లోయర్, రెండో ఐదో అయితే మిడిల్, మూడో ఆరో అయితే అప్పర్. ఏడు సైడ్ లోయర్. ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. పందొమ్మిదిలో మిగిలేది మూడు. డెబ్బై ఏళ్ల అమ్మ, ఆ మోకాళ్లతో, ఆ సన్నటి ఇనప మెట్ల మీద కాలు పెట్టి పైకి పాకాలన్నమాట.

తప్పు నాదే. 60 దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్తు కోటా ఉంది. అయితే ఒక్కరే వెళ్తున్నా, ఆ వయసువాళ్లే ఇద్దరు ఒక టికెట్టు మీద వెళ్తున్నా మాత్రమే అది పనిచేస్తుంది. పక్కన నలభై ఏళ్ల కొడుకు పేరు చేరిందా, కోటా పోయినట్టే. తోడుంటానని చేర్చిన నా పేరే అమ్మని పైకెక్కించింది.

ఇక అడుక్కోవడమే మిగిలింది. సికింద్రాబాద్‌లో ఎక్కగానే చూశాను. 17లో, అంటే కింద కిటికీ పక్కన, యాభై ఏళ్ల ఆవిడ ఒకరు మ్యాగజైన్ చదువుకుంటున్నారు. ఎదురుగా 20, 21, 22 ఒకే కుటుంబం. రైలు కదలకముందే పులిహోర డబ్బా మూత తీశారు. సైడ్ లోయర్‌లో ఆర్‌ఏసీ వాళ్లిద్దరు, ఒక పెద్దాయన, ఒక కాలేజీ కుర్రాడు. సగం సగం సీటు కదా, పెద్దాయన తన తువ్వాలు మడిచి ఇద్దరి మధ్యా సరిహద్దులా పరిచాడు. కుర్రాడు బ్యాగు ఒళ్లో పెట్టుకుని అటువైపే కూర్చున్నాడు, ఒక్క అంగుళం కూడా ఇటు జరగలేదు.

"మేడమ్, మా అమ్మగారు పైకెక్కలేరు. మీరు ఏమీ అనుకోకపోతే..."

ఆవిడ మ్యాగజైన్ లోంచి తలెత్తారు. "లేదండీ, నాకు కిందే కావాలి."

అంతే. నడుం నొప్పనీ, డాక్టర్ చెప్పాడనీ ఒక్క కారణం కూడా లేదు. నాకు లోపల మండింది. ఆ పూట ఆవిడని మనసులో చాలా మాటలన్నాను, ఇక్కడ రాయను. తర్వాత ఆలోచిస్తే ఆవిడ కారణం చెప్పాల్సిన పనేముంది? బెర్తు ఆవిడది. అప్పర్ ఇచ్చి లోయర్ అడిగేవాడు బేరానికి వచ్చినవాడు కాదు, బిచ్చానికి వచ్చినవాడు. కర్చీఫ్ వేసి సీటు పట్టుకునే జనరల్ బోగీ అలవాటు మనలో ఇంకా పోలేదు. డబ్బు కట్టి బెర్తు బుక్ చేసుకున్నవాళ్లని కూడా కాస్త సర్దుకోమంటాం.

18 మిడిల్ కుర్రాడు కాజీపేటలో ఎక్కాడు. అడగడం పూర్తికాకముందే "అంకుల్, నాకు పైనైతే ఇంకా మంచిది, ఎవరూ లేపరు" అని చెప్పులు విప్పేశాడు. నన్ను అంకుల్ అన్నా పట్టించుకునే స్థితిలో లేను. అప్పర్ కంటే మిడిల్ నయం.

కానీ మిడిల్‌కి ఇంకో తిప్పలుంది. దాన్ని పైకెత్తి గొలుసు తగిలిస్తే కింద కూర్చున్నవాళ్లకి తలెత్తే చోటుండదు. అందుకే రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకానే దాన్ని తెరవాలి. 2017 దాకా ఆ టైము తొమ్మిది, తర్వాత పది చేశారు. ఇంట్లో తొమ్మిదికే దీపం ఆర్పే అమ్మ ఖమ్మం దాటేటప్పటికి కూర్చునే తూలుతోంది. ఎదుటి పిల్లాడు ఇయర్‌ఫోన్ లేకుండా కార్టూన్ పెట్టాడు. వాళ్ల నాన్న "వాడు అలాగైతేనే తింటాడండీ" అన్నాడు, మేమెవరం అడక్కపోయినా.

తొమ్మిదిన్నరకి 17 ఆవిడ మ్యాగజైన్ మూసి, "అమ్మగారూ, బెర్తు వేయించుకోండి. నేనూ పడుకుంటాను" అన్నారు. నిజానికి ఇంకో అరగంట కూర్చునే హక్కు ఆవిడకుంది. గొలుసు కొక్కెం తగిలించాను. అమ్మ చెప్పులు కవర్లో చుట్టి తలగడ దగ్గర పెట్టుకుంది. రైల్లో చెప్పులు పోతాయన్న భయం అమ్మకి ఎప్పట్నుంచో ఉంది.

అర్ధరాత్రి దాటాక ఎప్పుడో గోదావరి వంతెన చప్పుడుకి మెలకువ వచ్చింది. సైడ్ అప్పర్ నుంచి చూస్తే మసక వెలుతురులో అమ్మ చెయ్యి మిడిల్ బెర్తు లోంచి కిందికి వేలాడుతోంది, వేళ్ల మధ్య రూపాయి బిళ్ళ. "తల్లీ, మెలకువగా ఉన్నావా? కిటికీ నీ దగ్గరే ఉంది, కాస్త విసిరి పెట్టు." ఆవిడ లేచి, షట్టర్ ఎత్తి, బిళ్ళ విసిరి, అక్కడే నిలబడి దండం కూడా పెట్టారు. పొద్దున అనకాపల్లి దగ్గర ఇద్దరూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. నా నంబరు ఎవరూ అడగలేదు.

తిరుగు ప్రయాణానికి బుద్ధి తెచ్చుకుని అమ్మకి విడిగా, నాకు విడిగా టికెట్లు తీశాను. అమ్మకి లోయర్ వచ్చింది, ఎస్5లో. నాది ఎస్7. రాత్రి భోజనం డబ్బా పట్టుకుని ఎస్6 మొత్తం దాటుకుంటూ, కాళ్లు తప్పించుకుంటూ వెళ్లేసరికి అమ్మ ముందు ఒక ముప్పై ఐదేళ్లాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆంటీ, మా అమ్మకి అప్పర్ వచ్చింది..."

"ఇద్దరికీ కలిపి ఒకే టికెట్టు తీశావా నాయనా?"

అతను బిత్తరపోయి తలూపాడు.

"మా వాడూ అంతే. మీ అమ్మకెన్నేళ్లు?"

"అరవై నాలుగండీ."

"చిన్నదే," అంది అమ్మ, దుప్పటి సర్దుకుంటూ. "నాకు కిందే కావాలి బాబూ. మిడిల్ ఆయన్ని అడుగు, ఇస్తాడేమో. నేను తొమ్మిదిన్నరకే పడుకుంటాలే."