దుకాణం మాది, ఇల్లు వాళ్లది

నల్గొండలో ప్లైవుడ్, హార్డ్‌వేర్ అమ్మే మా కుటుంబ దుకాణంలోనే ఇంటీరియర్ డిజైన్ విభాగాన్ని ఎలా నడుపుతున్నామని ఇదే వ్యాపారంలో పుట్టి పెరిగిన పిల్లలు కొందరు నన్ను తరచుగా అడుగుతుంటారు. పెట్టుబడి ఎంత కావాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అన్నవి వాళ్ల మొదటి ప్రశ్నలు. వాటన్నిటికంటే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: మనకు గిరాకీ ఎవరు?

ప్లైవుడ్ దుకాణానికి అసలు గిరాకీ వడ్రంగి మేస్త్రీ. ఇల్లు కట్టుకునే మనిషి మా మెట్లెక్కేది ఒకసారి, మహా అయితే కొడుకు పెళ్లికి గది చేయించేటప్పుడు మరోసారి. మేస్త్రీ మాత్రం ప్రతి వారం వస్తాడు. ఏ ప్లై తీసుకోవాలో, ఎన్ని షీట్లు పడతాయో, ప్లై మీద అతికించే లామినేట్ ఏ కంపెనీది మంచిదో ఇంటివాళ్లకు చెప్పేది ఆయనే కాబట్టి, తెచ్చిన బేరం మీద ఆయనకు కొంత కమీషన్ ఇవ్వడం ఈ వ్యాపారంలో ఎక్కడైనా ఉన్న ఆనవాయితీ. మా నాన్న వడ్రంగి మేస్త్రీలకు ఉద్దెర ఖాతాలు పెట్టి, వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు, ఆపదలకు నిలబడి ఈ దుకాణాన్ని పెంచారు. నా చదువుకు పైసలు కూడా ఆ గల్లాలోంచే వచ్చాయి. ఆ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే డిజైన్ అనేది ఆ ఇంట్లో ఉండబోయే మనుషుల కోసం చేసే పని. దాన్ని అదే కౌంటర్ మీద, అదే లెక్కలో కలిపితే ఇంటివాళ్ల అవసరం ఎప్పుడూ షీట్ల లెక్క తర్వాతే వస్తుంది.

అందుకే డిజైన్‌కు వేరే రుసుము ఉండాలని నేను మొదటి నుంచీ పట్టుబట్టాను. "దుకాణం మనదే అయినంక గీసిచ్చినదానికి వేరే పైసలెందుకు బిడ్డా, షీట్ల మీద వస్తది గదా" అని నాన్న అన్నారు. షీట్ల మీదే నా సంపాదన ఉంటే అల్మారాలు స్లాబు దాకా పెరుగుతాయి, టీవీ గోడకు అక్కరలేని పానెల్ వస్తుంది, ఆ పెరుగుదలను నేనే అందమని చెప్పుకుంటాను అని ఆయనకు వివరించాను. రుసుము వేరుగా తీసుకుంటున్నందువల్ల ఇంటివాళ్లు సామాను ఎక్కడ కొన్నా మాకు అభ్యంతరం ఉండదు. మా దగ్గరే కొంటే కౌంటర్‌లో అందరికీ ఇచ్చే ధరే వాళ్లకూ ఇస్తాం. ఈ షరతు గోదాము చూసుకునే మా చిన్నాన్నకు అన్నిటికంటే కష్టంగా తోచింది. నిరుటి రంగుల లామినేట్లు అట్టే మిగిలిపోయినప్పుడు, ఇంట్లోనే డిజైనర్ ఉండి వాటిని కదిలించకపోవడం ఏ వ్యాపారికైనా మింగుడుపడదు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అయినా నమూనా ఖాయం అయ్యేదాకా గోదాములో ఏముందన్న జాబితా నా బల్ల మీదికి రాకూడదన్న నియమాన్ని ఇప్పటిదాకా నిలుపుకున్నాం. మా విభాగం పనులు చేసే మేస్త్రీలకు కమీషన్ బదులు కూలిరేటు పెంచి, పని ఏ దశకు వస్తే ఆ దశకు డబ్బు చేతికిస్తున్నాం. ఇది నచ్చక వెళ్లిపోయినవాళ్లున్నారు. వాళ్లు దుకాణానికి మాత్రం ఎప్పటిలాగే వస్తూనే ఉన్నారు.

దీనివల్ల ఏం మారిందో ఒక వంటగది గురించి చెబితే తెలుస్తుంది. మర్రిగూడ వైపు ఊరి నుంచి వచ్చి పట్టణంలో ఇల్లు కట్టుకున్న కుటుంబం అది. ఫోన్‌లో చూసిన బొమ్మలాంటి వంటగదే కావాలని కొడుకు కోరాడు: కింద అంతా షట్టర్లు, పైన స్లాబు దాకా అల్మారాలు. వాళ్ల అమ్మ ఆ ఇంట్లోనే ఉంటుంది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణాలు చెబుతుండగా, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో తరాల తరబడి అంతకు మించిన బోరు నీళ్లే జనం తాగారు. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి గానీ, ఫ్లోరైడ్ ఎక్కువై అప్పటికే బిగుసుకుపోయిన కీళ్లు మళ్లీ సడలవు. ఆమె నడుము ముందుకు వంగింది, చేతులు భుజం దాటి లేవవు, మోకాళ్లు మడిచి కింది అరలోంచి గిన్నె తీయడం ఆమెకు అసాధ్యం. అయినా కూరగాయలు తరగడం, పప్పు చెరగడం తన పనే అని ఆమె గట్టిగా చెప్పింది.

టేపు పట్టుకుని మేం ముందు కొలిచింది ఆమెనే. ఆమె నిలబడినప్పుడు మోచేయి ఎంత ఎత్తులో ఉంది, చేయి పైకి ఎంతవరకు అందుతుంది, కిందికి ఎంతవరకు వంగగలదు అన్నవి రాసుకున్నాం. మామూలుగా వంటగట్టు 34 అంగుళాల ఎత్తులో వేస్తారు. కోడలు వంట చేసే వైపు ఆ ఎత్తే ఉంచి, కిటికీ పక్కన ఒక భాగాన్ని 30 అంగుళాలకు దించి, కుర్చీ వేసుకుని కూర్చుంటే మోకాళ్లు తగలకుండా దాని కింద ఖాళీ వదిలాం. షట్టర్ల స్థానంలో సొరుగులు పెట్టాం, ఎందుకంటే సొరుగు లాగితే సామాను మనిషి దగ్గరికి వస్తుంది, అరలో ఉంటే మనిషే సామాను దగ్గరికి వంగాలి. వేళ్లు గట్టిగా ముడుచుకోని చేతికి సన్నని పట్టీ హ్యాండిల్ పనికిరాదు కాబట్టి, నాలుగు వేళ్లూ దూరే పొడవాటి పిడులు బిగించాం. ఆమె వైపు గోడకు పై అల్మారాలు లేనేలేవు. ఈ మార్పులతో సొరుగులు జారడానికి బిగించే ఛానళ్ల ఖర్చు పెరిగింది, ప్లైవుడ్ మాత్రం మొదటి అంచనాకంటే బాగా తగ్గింది. డిజైన్ రాబడి షీట్లతో ముడిపడి ఉంటే నేను ఆ గోడను ఖాళీగా వదిలేదాన్నని కచ్చితంగా చెప్పలేను.

ఇంట్లో డబ్బు ఇచ్చేవాళ్లు ఒకరు, నిర్ణయించేవాళ్లు ఒకరు, వాడేవాళ్లు ఇంకొకరు కావడం మా ప్రాంతంలో చాలా మామూలు. కొడుకు అమెరికా నుంచి వాట్సాప్‌లో ఫొటోలు పంపుతాడు, తండ్రి ఖర్చు చూస్తాడు, ఆ గదిలో రోజంతా గడిపే మనిషి మాత్రం చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లిపోతుంది. అందుకని మొదటి భేటీలో కొంతసేపు వాళ్ల పాత ఇంటి వంటగదిలోనే కూర్చోవాలని పెట్టుకున్నాను. పొలం నుంచి బియ్యం బస్తాలు ఎన్ని వస్తాయి, పచ్చడి జాడీలు ఎక్కడ పెడతారు, బతుకమ్మ పేర్చేటప్పుడు పూలు ఎక్కడ ఆరబోస్తారు, పండుగకు ఆడబిడ్డలు వస్తే పరుపులు, బొంతలు ఎక్కడి నుంచి తీస్తారు అని అడిగితే నిజమైన కొలతలు బయటికి వస్తాయి. హాలు మధ్యలో పెద్ద సోఫా వద్దని చాలా ఇళ్లలో ఆడవాళ్లే చెప్పారు. బతుకమ్మ పేర్చుకోవడానికి నేల కావాలి.

అంచనా పత్రం విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. మన దగ్గర అల్మారాలకు ముందు వైపు వెడల్పును ఎత్తుతో గుణించి చదరపు అడుగుకు ఇంత అని ధర కడతారు. ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉంటే 49 చదరపు అడుగులు. ఆ 49 అడుగుల వెనక అరలు 18 మిల్లీమీటర్ల ప్లైవా, 12వా, సొరుగులు రెండా, ఆరా, వెనక పలక 6 మిల్లీమీటర్ల ప్లైయా, ఉత్త హార్డ్‌బోర్డా అన్నది ఆ ధరలో కనిపించదు. రెండు చోట్ల అడిగి తక్కువ రేటుకు ఒప్పుకున్న కుటుంబం నిజానికి రెండు వేర్వేరు వస్తువులను పోల్చింది. అందుకే మా పత్రంలో ప్రతి పలక మందం, కీలు, ఛానల్, అంచు పట్టీ విడివిడిగా రాస్తాం. ఐఎస్ అంటే ప్లైకి ఉండే భారతీయ ప్రమాణం; ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైని 72 గంటలు నీళ్లలో మరిగించి పరీక్షిస్తారు, అయినా పొరలు విడిపోకూడదు. సింకు కింద అది తప్పనిసరి. తడి తగలని పడకగది అల్మారాకు మంచి ఐఎస్ 303 ప్లై సరిపోతుంది. ఇల్లంతా 710 వేయించుకోమనడం దుకాణానికి లాభమే గానీ, ఎక్కడ అక్కరలేదో చెప్పడానికే నాకు రుసుము ఇస్తున్నారు.

మా ఇంట్లో ఇంకా తెగని సంగతి ఒకటి మిగిలింది. పని అప్పగించాక ఏడాదికోసారి వెళ్లి తలుపుల కీళ్లు బిగించడం, వానాకాలంలో పట్టేసే షట్టర్లను సరిచేయడం మేం ఉచితంగా చేస్తున్నాం. ఆ కూలి ఏ పద్దులో రాయాలన్నదే తగువు. మంచి పేరుతో వచ్చే బేరం దుకాణానికే కాబట్టి ఖర్చు దుకాణమే భరించాలని నాన్న అంటారు, డిజైన్ రుసుములోంచే తీయాలని చిన్నాన్న అంటారు. ఈసారి నేను చిన్నాన్న వైపున్నాను. ఆ పని ఇంటివాళ్లకు మేం ఇచ్చిన మాట, అది షీట్ల అమ్మకం బాగున్న సంవత్సరమే నిలిచేది కాకూడదు. దీపావళి లక్ష్మీపూజకు కొత్త పద్దు పుస్తకం తెరిచేలోగా, ప్రతి రుసుములోంచి కొంత భాగాన్ని దీనికోసం పక్కన పెట్టే లెక్క వేసి ఇద్దరి ముందూ ఉంచుతాను.