పరుగు పందెంలో వాకీటాకీ: నా అనుభవం

దూరపు పరుగు పందెం ఒకదానికి వాలంటీర్‌గా వెళ్తే, అందరితో రేడియోలో మాట్లాడే కంట్రోల్ పాయింట్ నాకు అప్పగించారు. దారి పొడవునా మార్షల్స్ (దారిలో నిలబడి రన్నర్లను చూసుకునేవాళ్లు), అందరి చేతుల్లో వాకీటాకీలు. చాలామంది అవి పట్టుకోవడం అదే మొదటిసారి.

ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా ఎంతో కొంత అర్థమవుతుంది. ఇక్కడ ఒకరు బటన్ నొక్కితే ఛానల్ మొత్తం వాళ్లదే. అదే క్షణంలో ఇంకొకరు నొక్కితే మిగతావాళ్లకు వినిపించేది గరగరే. అందుకే ప్రాక్టీసులో నేను ముందు పట్టుబట్టింది వినడం గురించే. ఛానల్ ఖాళీగా ఉందని తెలుసుకుని, బటన్ నొక్కి, ఒక సెకను ఆగి అప్పుడు మాట్లాడాలి. నొక్కీ నొక్కగానే మొదలుపెడితే మొదటి మాట ఎగిరిపోతుంది.

చివర కూడా అంతే ముఖ్యం. మన వాక్యంలో 'లేదు', 'వద్దు' వచ్చేది ఆఖర్నే కదా. "అంబులెన్స్ పంపాల్సిన అవసరం లేదు" అంటూ బటన్ తొందరగా వదిలేస్తే అవతల చేరేది "అంబులెన్స్ పంపాల్సిన అవసరం" వరకే. అందుకని "అంబులెన్స్ వద్దు, వద్దు, ఓవర్" అని పొట్టిగా చెప్పమన్నాను. 'ఓవర్' అంటే నా మాట అయిపోయింది, ఇక మీరు మాట్లాడండి అని. అంకెల విషయంలోనూ గట్టిగానే చెప్పాను. గరగరలో అరవై, ఇరవై ఒకేలా వినిపిస్తాయి. బిబ్ నంబర్‌ను (రన్నర్ చొక్కాకు తగిలించిన నంబర్) "ఆరు, సున్నా" అని విడివిడిగా పలకాలి, విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. సెట్ నోటికి మూడు నాలుగు వేళ్ల దూరంలో ఉంటే చాలు, అరిస్తే మాట పగిలిపోతుంది.

పల్లంలో ఉన్న మలుపు దగ్గర మార్షల్ మాట మాకు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఎక్కువ పవర్ ఉన్న సెట్ ఇద్దామన్నారు కొందరు. 5 వాట్లను 10 చేసినా సిగ్నల్ బలం పెరిగేది 3 డెసిబెల్సే, అంటే వినడానికి పెద్ద తేడా ఉండదు, దానికంటే నిలబడే చోటు మార్చడం మేలు. చదునైన నేల మీద 1.5 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెనాకు రేడియో దిగంతం (సిగ్నల్ నేరుగా చేరగల దూరం) సుమారు 5 కిలోమీటర్లు, 30 మీటర్ల ఎత్తున అయితే 22 దాకా. మధ్యలో గోడలు, గుట్టలు ఉంటే ఇంకా తగ్గుతుంది. సెట్‌ను నడుముకే ఉంచి మాట్లాడితే మన ఒళ్లే అడ్డం. ఆ మార్షల్ పక్కనున్న గట్టు మీదికి ఎక్కి, సెట్ ముఖం దగ్గర పెట్టుకుని, యాంటెనా నిటారుగా నిలపగానే మాట స్పష్టంగా వచ్చింది.

సెట్‌లో ప్రైవసీ కోడ్ (అదే కోడ్ ఉన్న సెట్ల మాటే మనకు వినిపించేలా చేసే అమరిక) పెడితే బయటివాళ్లు వినలేరని చాలామంది నమ్ముతారు. అది మన చెవికి పక్కవాళ్ల గోల తగలకుండా చేస్తుందే తప్ప మన మాటను దాచదు. అందుకే పడిపోయిన రన్నర్ పేరు రేడియోలో చెప్పనివ్వలేదు, బిబ్ నంబర్ మాత్రమే.

పందెం నడుస్తుండగా ఉన్నట్టుండి ఛానల్ మూగబోయింది. ఎవరి బటనో నొక్కుకుపోయింది. ఆ సెట్ ప్రసారంలోనే ఉంటుంది కాబట్టి "బటన్ చూసుకోండి" అని మనం ఎంత చెప్పినా దానికి వినపడదు. నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది, కానీ ఇలాంటి సందర్భానికని ముందే రెండో ఛానల్ అనుకున్నాం. ఒక్కొక్కరూ అందులోకి వచ్చారు. నేను హాజరు పిలిచాను, పలకనిది నీళ్ల పాయింట్ ఒక్కటే. దగ్గర్లోని మార్షల్ వెళ్లి చూస్తే, బ్యాగులో బాటిళ్ల మధ్య ఇరుక్కుని ఉంది సెట్. తీసి బయట పెట్టగానే మొదటి ఛానల్ తెరుచుకుంది.