వెనక సీటు నాది

ఇద్దరు కలిసి తెడ్లతో నడిపే సన్నటి పడవని కెనూ అంటారు. దానికి ఇక్కడ అమెరికాలో సరదా పేరొకటుంది: డైవోర్స్ బోట్. షాపులో కుర్రాడు బిల్లు వేస్తూ ఆ మాట చెప్పి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. మూడు వేల డాలర్లు దాటిన బిల్లు చేతిలో పెట్టుకుని ఎవరు మాత్రం నవ్వుతారు!

"ఇల్లు కొనుక్కోండ్రా అంటే పడవ కొన్నారా?" అంది అమ్మ ఫోన్లో. మిన్నియాపోలిస్‌లో ఊరి మధ్యలోనే లేకులు. వాటిని కలుపుతూ కాలవలు. ఎండాకాలం వచ్చిందంటే మా పక్కింటివాళ్లు, ఆఫీసువాళ్లు, అందరూ నీళ్లమీదే. మేం మాత్రం ఎన్నాళ్లు ఒడ్డున నడుస్తూ ఫొటోలు తీసుకుంటాం?

మాది వెనోనా కంపెనీ కెనూ, కెవ్లార్ అనే తేలికైన గట్టి దారంతో నేసింది. ఇదే మిన్నెసోటా రాష్ట్రంలో, మిసిసిపీ ఒడ్డున ఉన్న వినోనాలో తయారవుతుంది. 17 అడుగుల పొడవు, 42 పౌండ్ల బరువు, అంటే 19 కిలోలు. మధ్యలో భుజాలకి ఆనేలా చెక్క కాడి ఉంది. బోర్లించి భుజాలకెత్తుకుంటే మా ఆయన ఒక్కరే మోసుకుపోగలరు. పైన పెయింటు లేదు కాబట్టి పనసతొన రంగులో మెరుస్తూ ఉంటుంది, ఎండలో చూస్తే లోపలి నేత కూడా కనిపిస్తుంది. పది అడుగులు దాటిన పడవకి, మోటారు లేకపోయినా సరే, మిన్నెసోటాలో లైసెన్సు ఉండాలి. ఆ పని ముందే చేసేశాం. మూడేళ్ల దాకా మళ్లీ అడిగేవాళ్లు లేరు.

మే నెలాఖరు ఆదివారం పొద్దున్నే కారు మీద కట్టుకుని బయల్దేరాం. హైవే ఎక్కామో లేదో నెత్తిమీద ఒకటే రొద. పడవే లేచిపోతోందేమో అని టెన్షన్. దిగి చూస్తే పడవ కదల్లేదు, బల్లపరుపుగా కట్టిన పట్టీ గాలికి అదిరి ఆ మోత మోగుతోంది. పట్టీకి ఒక మెలిక తిప్పి మళ్లీ బిగించాం. అంతే, మోత బంద్. కెనూ కొనేవాళ్లకి నేనిచ్చే సలహా ఏదైనా ఉందంటే ఇదే.

బ్డే మకా స్కా లేక్‌కి ఈశాన్యం మూల పడవలు దింపే చోటుంది. ఊళ్లో పెద్ద లేక్ ఇదే, లోతు 80 అడుగుల పైమాటే. మొన్నమొన్నటిదాకా లేక్ కాల్హూన్ అనేవారు. బానిసత్వాన్ని వెనకేసుకొచ్చిన నాయకుడి పేరది. 2018లో ఆ పేరు తీసేసి డకోటా ప్రజలు మొదటినుంచీ పిలిచే పేరే పెట్టారు. మా ఆఫీసులో కొందరు ఇప్పటికీ పాత పేరే అంటారు, అలవాటో పట్టుదలో మరి.

కెవ్లార్‌ని ఇసకమీద ఈడవకూడదు. మోకాళ్ల లోతు నీళ్లలో తేలనిచ్చి, రెండు అంచులూ పట్టుకుని, నడుం వంచి, సరిగ్గా మధ్యలో పాదం వేసి ఎక్కాలి. మే నెలాఖరైనా నీళ్లు ఎముకలు కొరికేస్తున్నాయి. బోల్తా పడితే ఈత వచ్చినవాళ్లకి కూడా ఆ చలికి ఊపిరి అందదట. అందుకే లైఫ్ జాకెట్లు ఒడ్డునే తొడుక్కుని బకిల్ పెట్టుకున్నాం.

వెనక సీట్లో ఎవరు కూర్చోవాలన్న చర్చ ఇంట్లోనే తేలిపోయింది. దిశ మార్చేది వెనకవాళ్లు. ముందువాళ్లు లయ కుదిర్చి తెడ్డేస్తూ పోతారు. ఇక్కడ మామూలుగా మొగుడు వెనక, పెళ్లాం ముందు. బరువైన మనిషి వెనకుంటే పడవకి మంచిదని ఒక కారణం చెబుతారు. రెండో కారణం ఎవరూ చెప్పరు. మా ఆయనది అనంతపురం. ఆయనకి నీళ్లంటే బోరు నీళ్లే, ఈత నేర్చుకున్నది కూడా ఇక్కడి స్విమ్మింగ్ పూల్లోనే. నేను పుట్టింది ముక్తేశ్వరం దగ్గర. కోటిపల్లి రేవుకి పంటు మీద దాటడం, తాతయ్య నాటుపడవలో లంకలో పొలానికి వెళ్లడం నాకు రోజూ ఉన్నవే. అయితే ఆడపిల్ల చేతికి గెడ ఎవరిస్తారు? గడ్డిమోపులతోపాటు నన్నూ మధ్యలో కూర్చోబెట్టేవాడు తాతయ్య. "వెనక సీటు నాది" అన్నాను. "నీ ఇష్టం" అన్నారు మా ఆయన, అంత తొందరగా ఒప్పుకుంటారని నేనూ అనుకోలేదు.

ఒడ్డు చాటున ఉన్నంతసేపూ హాయిగా సాగింది. యూట్యూబ్‌లో చూసిన జే స్ట్రోక్ కూడా చేతికొచ్చేసింది. ఎడమవైపు తెడ్డేస్తే పడవ కుడికి తిరుగుతుంది కదా. తెడ్డు నడుం దాటి వెనక్కి వచ్చాక పైచేతి బొటనవేలు కిందికి తిప్పి, నీళ్లని కాస్త బయటికి నెట్టాలి. ముక్కు మళ్లీ దారిలో పడుతుంది. చేతులు మార్చే పని లేదు.

పడమటి ఒడ్డుకని మధ్యలోకి వచ్చామో లేదో, దక్షిణపు గాలి అందుకుంది. ముక్కు మాటిమాటికీ ఎడమకి, గాలికి ఎదురు తిరుగుతోంది. ఇద్దరం ఎడమవైపే తెడ్లు వేస్తున్నా దారికి రాదు. అంచులకి అల కొట్టి ఒళ్లోకి చిమ్ముతోంది. "కొంచెం గట్టిగా వేయండి" అనేంత టైమెక్కడిది, "ఎడం! ఎడం!" అని అరుస్తున్నాను. "ఎడమే వేస్తున్నానే!" అని ఆయన వెనక్కి తిరిగేసరికి పడవ ఒక పక్కకి ఒరిగింది. "తిరక్కండీ!" అన్నాను. ఆ ఒక్కసారికి గౌరవం తిరిగొచ్చింది.

ఇద్దరం తెడ్లు ఆపేశాం. చూస్తే తప్పు చేతుల్లో లేదు. ఆయన 82 కిలోలు, నేను 56. ముందు భాగం నీళ్లలోకి దిగబడి ఉంది, నా వైపు పైకి తేలి ఉంది. దిగబడ్డ ముక్కు నీళ్లని పట్టుకుని కదలదు, తేలిన తోకని గాలి తోసేస్తోంది. మరి ముక్కు గాలికెదురు తిరగక ఏం చేస్తుంది? మెల్లిగా పడవ తిప్పుకుని, గాలి వీపున ఉంచుకుని బయల్దేరిన చోటికే వచ్చాం.

కార్లో ముందురోజు ఇండియన్ స్టోర్లో కొన్న సోనామసూరి బస్తా ఉంది, 20 పౌండ్లది. బద్ధకించి దింపలేదు. రెండు చెత్త కవర్లు ఒకదానిమీద ఒకటి తొడిగి, మూతి ముడేసి, నా సీటు వెనక మూలకి తోశాను. మధ్యలో ఉన్న తిండి సంచీ, నీళ్ల సీసాలు కూడా నా వెనక్కే. ముందు సీటు జరుగుతుందని అప్పుడు గుర్తొచ్చి, ఆయన్ని నాలుగంగుళాలు వెనక్కి జరిపాను. ఒడ్డున కుక్కని తిప్పుతున్న ఒకావిడ ఆగి మరీ చూసింది. బియ్యం బస్తాతో పడవెక్కేవాళ్లని ఎప్పుడూ చూసి ఉండదు.

ఈసారి అదే గాలి, అదే అల, పడవ మాత్రం చెప్పినట్టు వింది. నాలుగు తెడ్లకోసారి జే, అంతే. పడమటి ఒడ్డు దాకా వెళ్లి, అక్కడినుంచి ఉత్తరంగా తిరిగి వంతెనల కిందుగా కాలవలోకి దూరాం. బ్డే మకా స్కానీ లేక్ ఆఫ్ ది ఐల్స్‌నీ కలిపే కాలవ ఇది. 1911లో తెరిచినప్పుడు ఊరంతా పండగ చేసుకున్నారట. తలమీద లేక్ స్ట్రీట్ బస్సుల చప్పుడు, కింద మా తెడ్ల చప్పుడు.

ఐల్స్‌లో గాలే లేదు. రెండు దీవులున్నాయి గానీ అవి పక్షులకి వదిలేసినవి, మనుషులు దిగకూడదు. దుంగమీద తాబేళ్లు వరసగా ఎండకి కూర్చున్నాయి. మేం దగ్గరికి వెళ్లేకొద్దీ ఒక్కొక్కటే జారుకున్నాయి, ఆఖరిది మాత్రం మమ్మల్ని లెక్కచేయలేదు. అక్కడే తెడ్లు అడ్డంగా పెట్టుకుని పులిహోర తిన్నాం. ముందు సీట్లోంచి వెనక్కి తిరక్కుండా డబ్బా అందుకోవడం ఆయన బాగా నేర్చుకున్నారు.

ఒడ్డుకి చేరాక ఇంకో పనుంది. పడవ బోర్లించి నీళ్లన్నీ వంచేయాలి, అంటుకున్న నాచూ కలుపూ ఒక్క పోగు లేకుండా తీసేయాలి. జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆలుచిప్పలు ఇలా పడవలమీదే ఒక లేక్‌నుంచి ఇంకో లేక్‌కి పాకుతాయి. అందుకే ఇక్కడ చట్టం గట్టిగా ఉంది. బియ్యం బస్తా కూడా విప్పి చూశాను. ఒక్క గింజ తడవలేదు.

మా ఆయన అప్పుడే బౌండరీ వాటర్స్ పర్మిట్ల పేజీ తెరిచి కూర్చున్నారు. రాష్ట్రానికి ఉత్తరాన, అడవుల మధ్య కెనూల్లో తిరిగే లేకుల ప్రాంతం అది. ముందు లోతు లేని చోట కావాలని బోల్తా కొట్టి మళ్లీ ఎక్కడం నేర్చుకుందాం, తర్వాతే అడవులు అన్నాను. సరే అంటూ, వచ్చే ఆదివారం వెనక సీటు తనకి కావాలని మెలిక పెట్టారు. ఐల్స్ వరకైతే ఒప్పుకున్నాను. అప్పుడు బస్తా ముందుకి, నా కాళ్ల దగ్గరికి రావాలి. ఈలోపు అందులోంచి ఎంత వండుతామో చూసుకుని, తగ్గినంతా నీళ్ల క్యాన్‌తో సర్దాలి.