కింద చుక్క పడలేదు, డబ్బా మాత్రం ఖాళీ

మే నెల, మధ్యాహ్నం పన్నెండు దాటింది. నేనూ అమ్మా నరసరావుపేట నుంచి హైదరాబాద్‌లో ఉండే చెల్లెలి ఇంటికి బయల్దేరాం. పిడుగురాళ్ల, దాచేపల్లి దాటి పొందుగల దగ్గరికి వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటు వదిలి పైకి జరుగుతోంది. బండి నాన్న కొన్నది, 2003 మోడల్ పెట్రోల్ కారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. అమ్మేయమని చెప్పనివాళ్లు లేరు. నాకు మనసు రాలేదు.

ఏసీ కట్టేసి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టాను. "ఈ ఎండలో హీటర్ ఏందిరా" అని అమ్మ కంగారుపడింది. హీటర్‌లో ఉండేదీ ఒక చిన్న రేడియేటరే. ఇంజన్ వేడి కొంత దాని గుండా బయటికి పోతుంది. ముల్లు కాస్త దిగింది, రెండు నిమిషాలకే మళ్లీ ఎక్కింది. ఎర్ర గీత తాకకముందే ఒక టీ కొట్టు పక్కన, వేపచెట్టు కింద ఆపేశాను.

బానెట్ ఎత్తి, గుడ్డ చుట్టి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతుంటే టీ కొట్టు పెద్దాయన పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడు ముట్టుకోమాక బాబూ, మొహం కాలిపోద్ది." ఆ పెద్దాయనకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. మూత బిగించి ఉంటే లోపలి ఒత్తిడికి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీశామా, ఆ ఒత్తిడి పోయి అంతా ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. నలభై నిమిషాలు కూర్చున్నాం. పై హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక మూత తీస్తే లోపల నీళ్లు కనపడలేదు. రిజర్వు డబ్బా కూడా ఖాళీ. ఇంజన్ స్టార్ట్ చేసి కొంచెం కొంచెంగా పోస్తే లీటరున్నర పట్టింది. కిందకి వంగి చూశాను. నేల పొడిగా ఉంది.

మెల్లగా కృష్ణ వంతెన దాటి, వాడపల్లి మీదుగా మిర్యాలగూడ చేరాం. అక్కడ ఒక కుర్రాడు పది నిమిషాల్లో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలే కవాటం) పీకేసి "మన ఎండలకి ఇది అక్కర్లేదు సార్" అన్నాడు. మూడు వందలు ఇచ్చాను. పీకిన ముక్కని మాత్రం పారెయ్యనివ్వకుండా డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను. ప్రయాణం మానేసి, పొద్దు వాలాక వెనక్కి తిరిగాం. ఇంటికొచ్చి, చల్లారాక చూస్తే మళ్లీ లీటరు తగ్గింది.

మర్నాడు మా ఊళ్లో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే చూసీ చూడగానే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, పద్దెనిమిది వేలవుద్ది" అన్నారు. ఎలా తెలిసిందని అడిగితే "పాత బండ్లకి పోయేది అదే" అన్నారు. ఆ జవాబు విని బండి వెనక్కి తెచ్చేశాను. నీళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండా ఇంజన్ విప్పించడం నాకు సమ్మతం కాలేదు.

హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య బిగించే సీలు. అది పోతే కొన్ని ఆనవాళ్లు కనిపిస్తాయి. అవి ఒక్కొక్కటే చూసుకున్నాను. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి జిడ్డు లేదు. సైలెన్సర్‌లోంచి ఆగకుండా తెల్లపొగ రావడం లేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్‌ని మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో ఏకధాటిగా బుడగలు లేవలేదు. రాత్రంతా నిలబడ్డ బండికి పై హోస్ మెత్తగానే ఉంది. ఇన్నీ లేనప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించడానికి ఆధారమేముంది? హీటర్ వైపు నుంచి కారుతోందేమోనని కాళ్ల కింది కార్పెట్ తడిమాను, పొడిగా ఉంది. బండి కింద అట్టపెట్టె పరిచి రాత్రంతా వదిలేస్తే ఒక్క ఆయిల్ మరక తప్ప ఏమీ పడలేదు. (ఏసీ వేసినప్పుడు ముందు సీటు కింద భాగం నుంచి కారే తేట నీళ్లు చూసి చాలామంది బెదిరిపోతారు. ఏసీ నీళ్లకి రంగుండదు, జిగురుండదు. రేడియేటర్ నీళ్లలో కలిపే మా కూలెంట్ పచ్చగా, వేళ్లకి జారుడుగా ఉంటుంది.)

చివరికి నాన్న బండి చూసే పాత మేస్త్రి గారి ఇంటికి వెళ్లాను. షెడ్డు మూసేసి చాలాకాలమైంది. విషయం విని చొక్కా వేసుకుని వచ్చారు. రాగానే పానా పట్టలేదు, ముందు అడిగారు: "నిలబెట్టినప్పుడు హీటెక్కుద్దా, పరిగెత్తేటప్పుడా?" ట్రాఫిక్‌లో, నిలబడ్డప్పుడు మాత్రమే ఎక్కితే ముందు చూడాల్సింది ఫ్యాను. ఎదురుగాలి బాగా తగులుతున్నప్పుడూ ఎక్కుతోందంటే నీళ్లయినా తగ్గి ఉండాలి, తిరగకుండానైనా ఉండాలి. ఇంతమందిలో ఆ ప్రశ్న వేసింది ఆయనొక్కరే.

ఎప్పుడో విజయవాడ ఆటోనగర్‌లో కొన్న, మీటరున్న గాలి చేతిపంపు తెచ్చారు. రేడియేటర్ మూత ఉండే చోట దాన్ని బిగించి, మూత మీద రాసి ఉన్న 0.9 బార్ ఒత్తిడి వరకు గాలి కొట్టారు. మీటరు ముల్లు నెమ్మదిగా, గడియారంలో నిమిషాల ముల్లులా దిగుతోంది. కారడం మాత్రం ఎక్కడా కనపడదు. అప్పుడు టార్చి, గడ్డం గీసుకునే చిన్న అద్దం తీసుకుని, టైమింగ్ బెల్టుని కప్పే కవర్ కింది అంచు చూపించారు. అక్కడ తెల్లగా, అంచుల్లో ఆకుపచ్చగా ఒక చార, గుడ్డ మీద ఎండి అంటుకుపోయిన వడియం పిండిలా. గోటితో గీకితే పొడిగా రాలింది. "పోయిన నీళ్ల జాడ ఇదే బాబూ."

ఆ కవర్ వెనకే ఉంటుంది, ఇంజన్‌లో నీళ్లని తిప్పే వాటర్ పంపు. దానికి అడుగున ఒక చిన్న కన్నం ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా అటునుంచి బయటికి రావాలని కావాలనే పెడతారు. మా బండిలో ఆ సీలు వేడి, ఒత్తిడి కలిసినప్పుడే కారుతోంది. కారినవి కారినట్టే కాలే ఇంజన్ మీద ఆవిరైపోతున్నాయి. చల్లారితే ఒత్తిడి ఉండదు, కారదు. అందుకే అట్టపెట్టె తడవలేదు. మూత రబ్బరు కూడా పగిలి ఉంది, సగం ఒత్తిడికే గాలి వదిలేస్తోంది. మూత ఒత్తిడి పట్టకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి.

కవర్ విప్పి పంపు చూశాక నేను బాధపడ్డ విషయం ఒకటుంది. రెక్కల మీద, గోడల మీద గట్టి తెల్లటి పొర. ఈ నాలుగేళ్లూ నీళ్లు తగ్గినప్పుడల్లా నేను పోసింది బోరు నీళ్లు. మా పల్నాడు బోరు నీళ్లు ఎంత గట్టివో ఇంట్లో బకెట్లు చూస్తేనే తెలుస్తుంది. నాన్న ఎప్పుడూ డిస్టిల్డ్ వాటర్ డబ్బా డిక్కీలో పెట్టుకునేవారు. ఎందుకో ఏనాడూ అడగలేదు.

మా ఇంజన్‌లో పంపుని తిప్పేది టైమింగ్ బెల్టే. ఎలాగూ విప్పాం కాబట్టి బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా కొత్తవి వేశాం. థర్మోస్టాట్ సంగతి ఇంట్లోనే తేల్చుకున్నాను. అమ్మ వాడకుండా వదిలేసిన పాత గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టాను. థర్మోస్టాట్ మీద అది తెరుచుకునే వేడి, 82 డిగ్రీలు అని చెక్కి ఉంది. 83 దగ్గర సన్నటి సందు కనపడింది, నీళ్లు మరిగేలోపు నిండా తెరుచుకుంది. అమ్మ పొయ్యి పక్కనే నిలబడి "పువ్వు విచ్చినట్టుందే" అంది. అంత చక్కగా పనిచేసేదాన్ని పీకించేశాను. అది లేకపోతే ఇంజన్ ఆలస్యంగా వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. థర్మోస్టాట్‌కి కొత్త గ్యాస్కెట్ వేసి తిరిగి బిగించాం. కూలెంట్ విషం కాబట్టి ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాలేదు.

తర్వాత లోపలంతా కడిగి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాం. బండి ముందు భాగం ఎత్తులో ఉండేలా నిలబెట్టి, మూత తీసి, హీటర్ పెట్టి, పై హోస్ పిసుకుతూ ఇరవై నిమిషాలు నడిపితే బుడగలు ఆగాయి. ఈ పని తొందరగా ముగిస్తే లోపల గాలి చిక్కుకుని, అంతా బాగుండి కూడా హీటెక్కుతుంది. కొత్త మూతతో కలిపి మొత్తం ఆరువేల నాలుగు వందలైంది. మేస్త్రి గారు కూలి తీసుకోనంటే, అమ్మ భోజనం పెట్టి, కవరు జేబులో పెట్టి పంపింది.

పదిరోజులకి మళ్లీ అదే దారిలో, అదే వేళకి బయల్దేరాం. పొందుగల వరకూ ముల్లు తన చోటు వదల్లేదు. టీ కొట్టు దగ్గర ఆపితే పెద్దాయన గుర్తుపట్టి, నేను చెప్పకుండానే బానెట్ వైపు నడిచాడు. ఎత్తి చూపించాను. డబ్బాలో పచ్చటి నీళ్లు పై గీత దగ్గరే ఉన్నాయి. "మూత ముట్టుకోలేదుగా?" అన్నాడు. లేదన్నాను. రెండు టీలు కలపడానికి లోపలికి వెళ్లాడు.