అమ్మ దగ్గు, హస్తవాసి

డాక్టర్ల విషయంలో మా అమ్మకి ఒకటే కొలత: హస్తవాసి. డిగ్రీ ఏంటో, అనుభవం ఎంతో ఆవిడకి పట్టదు. "ఆయన చెయ్యి మంచిది" అందంటే ఇక మనం మాట్లాడేదేం లేదు.

పోయినేడు అలాంటి మంచి చేతులు మూడింటికి చూపించినా దగ్గు తగ్గలేదు. పొడి దగ్గు. రాత్రి పడుకోగానే గొంతులో గరగర మొదలయ్యేది. మొదటాయన సిరప్ రాశాడు. రెండో ఆయన ఎలర్జీ అన్నాడు. మూడో ఆయన యాంటీబయాటిక్ ఇచ్చి, ఎక్స్‌రే తీయించి "ఏమీ లేదమ్మా" అన్నాడు. ఏమీ లేకపోతే దగ్గెందుకని అడిగేలోపే బెల్ కొట్టేశాడు. ఆ నాలుగు నెలల్లో అమ్మ పెరుగు మానేసింది, ఆవకాయ కూడా మానేసింది. మా ఇంట్లో అది చిన్న విషయం కాదు.

నాలుగో డాక్టరమ్మ స్టెతస్కోపు తీయకముందే అడిగారు: "రోజూ వేసుకునే మాత్రలేంటి? షీటు చూపించండి." అమ్మ సంచిలోంచి బీపీ మాత్ర తీసింది. రామిప్రిల్. దగ్గు మొదలవడానికి నెల ముందే మార్చిన మందు. బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని మన ఒంట్లో విరగ్గొట్టే ఎంజైమును ఇది ఆపుతుందట. ఆ పదార్థం పేరుకుపోయి కొందరికి ఇలా పొడి దగ్గు తెప్పిస్తుంది. ఎప్పట్నుంచో తెలిసిన సంగతే. మరి ఆ ముగ్గురికీ తెలీదా? తెలిసే ఉంటుంది, అడగలేదంతే. నేనూ చెప్పలేదు. బీపీ సంగతి బీపీ డాక్టరుకి, దగ్గు సంగతి దగ్గు డాక్టరుకి అనుకున్నాను.

టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మాత్రకి మార్చారు. (ఇది చదివి ఎవరూ బీపీ మాత్ర సొంతంగా ఆపేయకండి.) "రేపటికే పోదు. నాలుగు వారాలు చూడండి. అప్పటికీ తగ్గకపోతే నేను పొరబడ్డానేమో, ఇంకోటి వెతుకుదాం" అన్నారు. తన లెక్క తప్పితే మాకెలా తెలుస్తుందో ముందే చెప్పిన డాక్టర్ని చూడటం నాకదే మొదలు.

మూడో వారానికి దగ్గు పోయింది. ఆవకాయ తిరిగొచ్చింది. ఇప్పుడు ఎక్కడికెళ్లినా మాత్రల షీట్లు, ఏది ఎప్పుడు మొదలుపెట్టామో రాసిన కాగితం ముందే టేబుల్ మీద పెడతాను. ఒకాయన చూడకుండా పక్కకి నెట్టేశాడు. మళ్లీ వెళ్లలేదు.

అమ్మ మాత్రం మోకాళ్ల నొప్పులకి మొన్న ఆ సిరప్ డాక్టరు దగ్గరికే వెళ్లొచ్చింది. "దగ్గు సంగతి వేరే. ఆయన చెయ్యి మంచిదే" అంటుంది.