శు ౧౫ అంటే శుక్రవారం కాదు

మా తాతయ్య తెనాలి దగ్గర ఒక ఊరికి కరణం. ఆయన తర్వాత కరణీకం పెదనాన్న చూశారు. 1984 జనవరిలో కరణాలు, మునసబుల పదవులు రద్దయినప్పుడు ఊరి దస్త్రాలన్నీ అప్పగించేశారు. ఇంట్లో మిగిలినవి తాతయ్య సొంత ఖర్చులు రాసుకున్న చిట్టాలు ఆరు. బహుధాన్య నుంచి విరోధి దాకా, అంటే 1938 నుంచి 1949 వరకు. పెదనాన్న పోయాక అవి నా దగ్గరికి వచ్చాయి.

తెరిచి చూస్తే ఒక్క ముక్క చదవలేకపోయాను. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని, నా సొంత తాతయ్య రాత నాకు అందకపోవడం చాలా బాధ అనిపించింది. అది గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం కలుపుకుంటూ పోతారు. తలకట్లు ఉండవు, మాటకీ మాటకీ మధ్య ఎడం ఉండదు, ఒత్తులు కింది వరసలోకి జారిపోతాయి. రెండు మూడు తరాల కిందటి వరకు కరణాలు, షావుకార్లు, దస్తావేజులు రాసేవాళ్ళు ఇలాగే రాసేవారు. ఇప్పుడు దాన్ని చదివేవాళ్ళు ఊరికొకరు కూడా లేరు. అందుకే ఏఐతో చదివించాలని నిర్ణయించుకున్నాను.

ముందు ఫోటోలు. ఫ్లాష్ వెయ్యకుండా, పొద్దున తొమ్మిదింటికి కిటికీ పక్కన బల్ల మీద పెట్టి ఫోన్‌తో తీశాను. పుస్తకం వెన్ను విరగకుండా రెండు వైపులా మడిచిన దుప్పటి పెట్టాను. పురుగు తిన్న పేజీల కింద తెల్ల కాగితం పెడితే, చిల్లుల్లోంచి కింది పేజీ సిరా కనబడకుండా ఉంటుంది. ఈ చిన్న పని మొదట్లో తెలియక అరవై పేజీలు మళ్ళీ తీయాల్సొచ్చింది.

తర్వాత ఒక్కో ఫోటో ఇచ్చి "దీన్ని చదివి టైపు చెయ్యి" అని అడిగాను. అర నిమిషంలో పేజీ మొత్తం చక్కటి తెలుగులో వచ్చేసింది. తప్పు లేని వాక్యాలు, ఇవాళ్టి స్పెల్లింగ్. మూడు రోజుల్లో వంద పేజీలు అయ్యాయి, ఇంట్లో అందరికీ పంపాను. వాటిలో ఒక పేజీ చూసి అందరం పొంగిపోయాం. "శ్రావణం, శుక్రవారం 15. మంత్రిగారికి ఇచ్చినది రూ. 11." కింద ఏఐ ఒక వివరణ కూడా రాసింది: శుక్రవారం, ఆగస్టు 15 కలిసింది 1947లో కాబట్టి ఇది స్వాతంత్ర్యం వచ్చిన రోజు అయి ఉండవచ్చని. ఆ రోజు మా ఊరికి ఎవరో మంత్రి వచ్చారు, తాతయ్య పదకొండు రూపాయలు చందా ఇచ్చారు అని మా తమ్ముడు కుటుంబం గ్రూపులో పెట్టాడు. నేనూ నమ్మాను.

అనుమానం నాకు లెక్క దగ్గర వచ్చింది. చిట్టాలో ఏ రోజుకారోజు కింద మొత్తం వేసి ఉంటుంది. ఏఐ ఆ పేజీలో మొత్తాన్ని "111" అని చదివింది. పైన ఉన్నవి ఎలా కూడినా 111 రావడం లేదు. పక్క పేజీ చూశాను, అదీ కలవలేదు. పది పేజీలు చూశాను. ఒక్కటీ కలవలేదు! కరణం వేసిన కూడిక పది పేజీల్లో పదిసార్లు తప్పదు కదా.

పక్క ఊళ్ళో ఒక మాజీ కరణంగారు ఉన్నారు. తొంభై దగ్గర పడుతున్నాయి, కళ్ళు ఇంకా బాగున్నాయి. ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. ఆయన వేలు పెట్టి చూపించారు.

"ఇది పదకొండు కాదమ్మాయ్. ఇది ఒకటి. పక్కన నిలువు గీత పావలా. రూపాయి పావలా అన్నమాట."

"మరి ఈ అడ్డగీతలండీ?"

"అణాలు. నిలువు గీత ఒక్కటి నాలుగణాలు, అడ్డగీత ఒక్కటి ఒక అణా. రెండు నిలువు, రెండు అడ్డం... పదణాలు. చిన్నప్పుడు బడిలో ఇవే దిద్దాం మేము."

రూపాయికి పదహారణాలని నాకు తెలుసు. కానీ ఆ అణాలు ఇలా గీతల్లో ఉంటాయని తెలియదు. ఏఐ నిలువు గీతల్ని ఒకట్లుగా చదివింది, అడ్డగీతల్ని మాటల మధ్య పెట్టే గీతలనుకుని వదిలేసింది. ఈ గుర్తులకు 2008లోనే యూనికోడ్‌లో చోటిచ్చారు. అయినా చాలా ఫోన్లలో అవి ఖాళీ గళ్ళుగా కనిపిస్తాయి. అందుకే నేను 1-4-0 అని రూపాయలు, అణాలు, పైలుగా రాసుకుంటున్నాను.

ఆయన అదే పేజీ పైన ఉన్న తేదీ కూడా చదివారు. "శ్రావణ శు ౧౫ ఆ. అంటే శ్రావణ శుద్ధ పున్నమి, ఆదివారం." శు అంటే శుద్ధం. ఏఐ దాన్ని శుక్రవారం చేసింది. చివర ఉన్న "ఆ" ని పూర్తిగా మింగేసింది. 15 తిథి, ఇంగ్లీషు తేదీ కాదు. అసలు 1947 ఆగస్టు 15 పున్నమే కాదు, అది బహుళ చతుర్దశి. సంవత్సరం పేరు పుస్తకం అట్ట మీద మాత్రమే ఉంటుంది: స్వభాను, ఫసలీ ౧౩౫౩ (1353). ఫసలీ అంటే కరణాలు శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. దానికి 590 కలిపితే మనకు కావలసిన సంవత్సరం వస్తుంది, 1943 జులై నుంచి 1944 జూన్. నేను అట్ట ఇవ్వకుండా విడి పేజీ ఇచ్చాను. దానికి దొరికిన ముక్కలతో అది ఒక కథ అల్లింది. ఒక తప్పుకి ఇంకో తప్పు సాక్ష్యం చెప్పింది. శుక్రవారం ఉంది కాబట్టి 1947, 1947 కాబట్టి మంత్రి. చదవడానికి ఎక్కడా తడబాటు లేదు. ఇదే నన్ను భయపెట్టింది. గజిబిజిగా వచ్చి ఉంటే మొదటి రోజే అనుమానించేదాన్ని.

అక్కడి నుంచి పద్ధతి మార్చాను. వంద పేజీలూ పక్కన పడేశాను. కరణంగారి దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చుని, తాతయ్య రాతలో ఒక్కో అక్షరం ఎలా ఉంటుందో పుస్తకంలోంచే కత్తిరించిన బొమ్మలతో పట్టిక చేశాను. ౨కీ ౩కీ తేడా, క వంపు, వ, మ కలిసిపోయే చోట్లు. ఆయన స్వయంగా చదివిన ఇరవై పేజీలు మాదిరిగా పెట్టుకున్నాను. ఇప్పుడు ఏఐకి ముందు ఆ పట్టిక, పుస్తకం అట్ట, మాదిరి పేజీలు ఇస్తాను. తర్వాత పేజీ మొత్తం కాకుండా నాలుగైదు వరసల ముక్కలు ఇస్తాను. ఇలా చెప్తాను: ఉన్నది ఉన్నట్టు రాయి, యిచ్చినది అని ఉంటే ఇచ్చినది అని దిద్దకు, లగాయతు, బాపతు లాంటి పాత లెక్కల మాటలు మార్చకు, తెలియని అక్షరం దగ్గర చుక్క పెట్టు, ఊహ వద్దు, వివరణ వద్దు.

అదే ముక్కని రెండోసారి కొత్తగా మొదలుపెట్టి చదివిస్తాను. రెండు చదువులూ తేడా వచ్చిన చోట ఎర్ర రంగు. ఆ తర్వాత అంకెలన్నీ షీటులో వేసి, అన్నిటినీ అణాల్లోకి మార్చి కూడితే తాతయ్య వేసిన మొత్తంతో కలవాలి. కలిస్తే ఆ పేజీ అంకెల వరకు ధైర్యం. కలవకపోతే మళ్ళీ ఫోటో దగ్గరికి. ఎనభై ఏళ్ళ కిందట ఆయన తన కోసం వేసుకున్న కూడిక ఇవాళ నాకు ఇంత ఆసరా అవుతుందని ఎప్పుడూ అనుకోలేదు. మాటలకు అలాంటి కాపలా లేదు, వాటికి మనుషులే కావాలి. నేను ఒక్కదాన్నే కూర్చుంటే పేజీకి గంట పట్టేది, ఇప్పుడు పావుగంటలో అవుతోంది. ఏఐ లేకపోతే ఈ పని మొదలుపెట్టేదాన్నే కాదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఆ పున్నమి పేజీని మళ్ళీ చేయించాను. ఈసారి "మంత్ర.ని.." అని వచ్చింది, రెండు చోట్ల చుక్కలతో. చుక్కలు చూసి సంతోషపడ్డాను. కింద వరసలు: శొంఠి రెండణాలు, ఆముదం మూడణాలు, వాము అణా. పైన 1-4-0. మొత్తం 1-10-0. కలిసింది.

మా మేనత్తకి ఫోన్ చేసి ఆ వరసలు చదివాను. నేను వాము దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆపేసింది.

"శొంఠి, ఆముదం, వాము... ఇవి పురిటింటి సరుకులు కదే. పైన ఏముందన్నావ్?"

"మంత్ర, తర్వాత ఒక అక్షరం తెలియట్లేదు అత్తయ్యా, తర్వాత ని."

"మంత్రసానికి! అది మంత్రసాని కూలే పిచ్చిదానా. ఏ యేడు, ఏ నెల?"

"స్వభాను శ్రావణం, పున్నమి, ఆదివారం."

ఫోన్‌లో కాసేపు ఏమీ వినబడలేదు. అత్తయ్య సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ జులై 1, బడిలో చేర్చినప్పుడు పంతులుగారు వేసింది. జంధ్యాల పున్నమికి పుట్టావని నాయనమ్మ అంటుండేదట. ఏ యేడో ఎవరికీ గుర్తులేదు. జాతకం తుపానులో పోయింది. పాత పంచాంగం లెక్క చూశాను. 1943లో శ్రావణ పున్నమి ఆగస్టు 15, ఆదివారం. కరణంగారు కూడా అసలు పేజీ చూసి మంత్రసానే అన్నారు. ఆయనకి ముందుగా ఈ కథేమీ చెప్పలేదు.

ఇప్పటికి నాలుగు పుస్తకాలు పూర్తయ్యాయి. ప్రతి పేజీకీ ఫోటో, ఉన్నది ఉన్నట్టు రాసిన పాఠం, మన భాషలో అర్థం పక్కపక్కనే పెడుతున్నాను. ఎప్పటికీ ఫోటోనే అసలు, పాఠం దాని వెనకే. ఊళ్ళోవాళ్ళ చేబదుళ్ళు, తాకట్లు పేర్లతో సహా ఉన్న పేజీలు మాత్రం బయట పెట్టను. వాళ్ళ మనవలు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నారు.

పోయిన నెల ఆ పేజీని పెద్ద సైజులో ప్రింటు తీసి అత్తయ్యకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, ఆ వరస మీద వేలితో రాస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత కాగితం జాగ్రత్తగా మడిచి నా వైపు తిరిగింది.

"మీ నాన్నది కూడా వెతకవే. వాడు పుట్టిన రోజు వాన అని గుర్తు నాకు."