రేపటి రెండు మ్యాచ్‌లకు నిమిషాల పట్టీ

శనివారం, రాత్రి

రేపు పొద్దున మా జట్టుకి ఒక బాస్కెట్‌బాల్ లీగ్ మ్యాచ్, సాయంత్రం ఫ్లడ్‌లైట్ల కింద ఇంకోటి. మే నెల ఎండ, సిమెంటు కోర్టు. ఇలాంటప్పుడు ముందురోజు ప్రాక్టీసు గంటకు మించకూడదు. షూటింగ్, రెండు సెట్లు (ముందే అనుకున్న ఎత్తుగడలు) నడిపించి చూడటం, అంతే. అసలు పని ఇప్పుడు, కాగితం మీద.

ఏ4 కాగితాన్ని అడ్డంగా తిప్పి 12 వరుసలు, 40 నిలువు గళ్లు. వరుసకి ఒక కుర్రాడు, గడికి ఒక నిమిషం. 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, కోర్టులో ఐదుగురు, అంటే పంచాల్సినవి 200 నిమిషాలు. ఆడే గళ్లు పెన్సిల్‌తో నింపాక నిలువుగా కూడితే ప్రతి నిమిషానికీ 5 రావాలి, అడ్డంగా కూడితే ఆ కుర్రాడి నిమిషాలు తేలాలి.

పొద్దుటి లెక్క: పాయింట్ గార్డ్‌కి (బంతి నడిపించేవాడు) 32, వింగ్‌లు (పక్కల ఆడేవాళ్లు) ఇద్దరికీ చెరి 28, బుట్ట దగ్గర ఆడే ఇద్దరిలో పవర్ ఫార్వర్డ్‌కి 26, సెంటర్‌కి 24. మొత్తం 138. మిగిలిన 62లో బెంచ్ నుంచి వచ్చే ఆరోవాడికి 22, ఏడోవాడికి 16, ఎనిమిదోవాడికి 14, తొమ్మిదోవాడికి 10. మొత్తం కుదిరితే చాలదు, స్థానాల వారీగానూ కుదరాలి. ఆరోవాడి 22లో 8 పాయింట్ గార్డ్ చోట, 14 వింగ్‌లో. తొమ్మిదోవాడి పదీ వింగ్‌లోనే. ఏడు, ఎనిమిది ఇద్దరూ పొడగరులు, వాళ్ల 30 నిమిషాలూ బుట్ట కింద. ఈ రెండో లెక్క వదిలేసిన జట్టు రెండో క్వార్టర్ మధ్యలో బంతి పైకి తెచ్చేవాడు లేక తడబడుతుంది.

పాయింట్ గార్డ్ విశ్రాంతి మొదటి క్వార్టర్ చివరి 2 నిమిషాలు, రెండో క్వార్టర్ మొదటి 2 నిమిషాలు. మధ్యలో 2 నిమిషాల విరామం ఎలాగూ ఉంది. ఫౌళ్లకు, బంతి బయటికి పోయినప్పుడు గడియారం ఆగే సమయం కూడా కలిస్తే, ఆటలో 4 నిమిషాలే పోగొట్టుకుని దాదాపు రెట్టింపు సేపు కూర్చుంటాడు. మూడు, నాలుగు క్వార్టర్ల మధ్యా ఇదే పద్ధతి. సెంటర్ మాత్రం మొదటి క్వార్టర్ సగంలోనే బయటికి రావాలి. ఆయాసం మొదలయ్యాక తీస్తే ఆలస్యమైనట్టే. డిఫెన్స్‌కి వెనక్కి నడుస్తూ వస్తున్నాడంటే రెండు బుట్టలు అప్పటికే పోయి ఉంటాయి.

ఐదుగురినీ ఒక్కసారే మార్చడం నాకు నచ్చదు. బెంచ్ ఐదుగురికీ కలిసి ఆడిన అలవాటు ఉండదు, స్క్రీన్ దగ్గర (అవతలి ఆటగాడు అడ్డుగా నిలబడ్డప్పుడు) ఎవరు ఎవరికి మారాలో అరిచి చెప్పేవాడు ఉండడు. మొదటి ఐదుగురిలో కనీసం ఇద్దరు ఎప్పుడూ లోపలే ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకడికి బంతి నడపడం రావాలి. పట్టీ నింపాక మళ్లీ మొదటి గడి నుంచి చూడాల్సింది ఇదే.

కాగితం మీద 5:00 అని రాసుకున్న మార్పు కోర్టులో 4:10కి జరగొచ్చు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో బుట్ట పడినంత మాత్రాన గడియారం ఆగదు, నాలుగో క్వార్టర్ చివరి 2 నిమిషాల్లోనూ ఓవర్‌టైమ్‌లోనూ తప్ప. మార్పుకు గడియారం ఆగాలి, అంటే ఫౌలో, వయొలేషనో, టైమ్ అవుటో రావాలి. అందుకే సబ్‌ని (మారి లోపలికి వెళ్లేవాడిని) అర నిమిషం ముందే స్కోరర్ టేబుల్ దగ్గరికి పంపాలి. పైన వేసుకున్న టీషర్టు విప్పి, లేసులు బిగించి వెళ్లాలి. వెళ్లేముందు మూడు మాటలు: ఎవర్ని పట్టుకోవాలి, ఏ డిఫెన్స్ నడుస్తోంది, టీమ్ ఫౌళ్లు ఎన్ని. క్వార్టర్లో నాలుగు పడ్డాక తర్వాతి డిఫెన్స్ ఫౌల్ నుంచి అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు, సంగతి తెలియని సబ్ వెళ్లగానే చెయ్యి వేస్తాడు.

వచ్చినవాడిని ఒక్క టర్నోవర్‌కే (బంతి ఒక్కసారి పోగొట్టినందుకే) లాగేయకూడదు. నాలుగు నిమిషాలైనా ఉంచాలి, చెమట పట్టేదే అప్పటికి. తొంభై సెకన్ల సబ్‌లతో ఎవరి షాటూ కుదురుకోదు.

ఫౌళ్లు వస్తే పట్టీ చెరిగిపోతుంది. ఒకడికి మొదటి క్వార్టర్లోనే రెండు పడితే ఆ క్వార్టర్‌కి కూర్చోబెట్టడం సరే, హాఫ్ టైమ్ దాకా ఉంచడం అతి జాగ్రత్త. ఐదో ఫౌల్‌తో ఆట నుంచి బయటికి పోతాడన్న భయంతో 12 నిమిషాలు మనమే పోగొట్టుకుంటే లాభం అవతలివాళ్లకే. రెండో క్వార్టర్లో జోన్‌లోకి (మనిషిని కాక చోటును కాసే డిఫెన్స్) మారి, వాడిని తక్కువ కదిలే చోట నిలబెట్టవచ్చు. నాలుగో ఫౌల్ పడితే మాత్రం చివరి 5 నిమిషాల దాకా ఆపుతాను.

అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ 2013-14 సీజన్లో ఎవరికీ సగటున 30 నిమిషాలు దాటనివ్వకుండా 62 మ్యాచ్‌లు గెలిచి, ఛాంపియన్లు కూడా అయ్యారు. 2025 ఫైనల్స్ మూడో మ్యాచ్‌లో ఇండియానా పేసర్స్ బెంచ్ 49 పాయింట్లు చేస్తే ఓక్లహోమా బెంచ్ 18 దగ్గరే ఆగింది. పేసర్స్ బెంచ్‌లో మాథురిన్ ఒక్కడే 27. ఇవి చూసి పదిమందినీ తిప్పుదామనిపిస్తుంది. కానీ అక్కడ మ్యాచ్ 48 నిమిషాలు, పంచడానికి 240 ఉంటాయి. 40 నిమిషాల్లో పదోవాడికి చోటు చేస్తే ఆ నిమిషాలు పోయేది ఆరోవాడి దగ్గర్నుంచే. మాకు తొమ్మిది చాలు. ఎండ మరీ ముదిరితే పది.

సాయంత్రం పట్టీ ఇప్పుడే నింపను. పొద్దున 30 దాటినవాడికి సాయంత్రం 24 గరిష్ఠం. ఆ తగ్గింపు ఎనిమిది, తొమ్మిది, పదోవాళ్లకు వెళ్తుంది. ఏ స్థానంలో ఎంత ఖాళీ పడిందో పొద్దుటి స్కోర్‌షీట్ చూశాక తేలుతుంది. పదకొండు, పన్నెండో కుర్రాళ్లకు మాత్రం రాత్రే ఫోన్ చేసి చెప్పాలి: రేపు పొద్దున మీరు లేరు, సాయంత్రం అవకాశం ఉంది, మధ్యాహ్నం అన్నం తేలిగ్గా తినండి.